మెకంజీ కౌంటీ కుటుంబాల ఆదాయాన్ని ఏటేటా కొలవగలమా?

అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రానికి పడమటి అంచున, మోంటానా సరిహద్దును ఆనుకొని మెకంజీ అనే కౌంటీ (మన జిల్లా వంటిది) ఉంది. 2000 జనగణన నాటికి అక్కడ ఉన్నది 5,737 మంది. గోధుమ సాగు, పశువుల పెంపకం, కొన్ని పాత చమురుబావులు తప్ప పెద్ద ఆధారం లేని ఆ చోట కుటుంబాల మధ్యగత వార్షికాదాయం, అంటే ఇళ్లను రాబడి వరుసలో పేర్చితే నడుమ వచ్చే ఇంటి ఆదాయం, 30 వేల డాలర్లకు లోపే ఉండేది. అదే జనగణన ప్రకారం నార్త్ డకోటా రాష్ట్రానికి అది 34,604 డాలర్లు, దేశం మొత్తానికి 41,994 డాలర్లు. ఆ తరువాత బాకెన్ రాతిపొరల్లోంచి చమురును లాభసాటిగా తీయడం సాధ్యపడింది. 2010లో 6,360 ఉన్న జనాభా 2020కి 14,704 అయింది. ఆ దశాబ్దంలో దేశంలోని మూడు వేల పైచిలుకు కౌంటీల్లో, శాతం లెక్కన, అన్నింటికన్నా వేగంగా పెరిగింది ఇదే.

ఈ కౌంటీ మధ్యగత ఆదాయాన్ని ఏడాది వారీగా చూపే రేఖాచిత్రం ఇప్పుడు ఎవరికైనా నిమిషాల్లో దొరుకుతుంది. దాన్ని చూసినవారు సాధారణంగా రెండు మాటలు అంటారు. ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాదికి ఆదాయం ఇంత పెరిగింది లేదా తగ్గింది అన్నది మొదటిది. అక్కడివాళ్ల బతుకు ఆ మేరకు బాగుపడింది లేదా చితికింది అన్నది రెండోది. ఇలాంటి అంచనాలు కట్టడమే నా ఉద్యోగం కాబట్టి ఈ రెండు మాటలూ తరచుగా నా చెవిన పడుతుంటాయి. మొదటి మాటను మోయగల బలం ఆ గీతకు లేదు. రెండో మాటకు అందులో ఆధారమే లేదు. చిన్న గ్రామీణ కౌంటీ మధ్యగత ఆదాయం కాలక్రమంలో ఎలా మారిందో చెప్పాలంటే, పాతికేళ్లకు నాలుగైదు బిందువులు, ఒక్కొక్కదానికీ అటూ ఇటూ ఉన్న అనిశ్చితి, వాటి పక్కన ఆ ఇళ్లలో ఉంటున్నది ఎవరో తెలిపే వేరే లెక్క ఇవ్వాలే గాని, ఏటా ఒక చుక్క పెట్టి ఆ చుక్కలన్నింటినీ కలపకూడదన్నది నా వాదన.

మన పత్రికల్లో జిల్లాల సంపదను తలసరి ఆదాయంతో పోల్చడం అలవాటు. తెలంగాణ పట్టికల్లో రంగారెడ్డి జిల్లా పైన కనిపించేది ఆ కొలతలోనే. అది జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువను జనాభాతో భాగించగా వచ్చిన అంకె. ఐటీ కార్యాలయం ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా అంకె పెరుగుతుంది, అందులో జీతం తీసుకునేవారు పక్క జిల్లాలో కాపురం ఉంటున్నా సరే. మధ్యగత కుటుంబ ఆదాయం ఇలాంటిది కాదు. ఒకే ఇంట్లో ఉండేవారందరి రాబడినీ కలిపి, ఇళ్లన్నింటినీ తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా పేర్చినప్పుడు సరిగ్గా నడుమ వచ్చే ఇంటి రాబడి అది. ఒక్క రైతుకు చమురు రాయల్టీ రూపంలో లక్షల డాలర్లు వచ్చిపడితే సగటు ఎగిరిపోతుంది, మధ్యగతం కదలదు. అందుకే పేద, మధ్యతరగతి కుటుంబాల సంగతి తెలుసుకోవాలనుకునేవారికి అది మెరుగైన కొలత. అయితే మధ్యగతాలను కూడలేం, వాటికి సగటు తీయలేం. రెండు ఊళ్ల మధ్యగతాలను కూడి రెండుతో భాగిస్తే వచ్చేది ఆ రెండు ఊళ్ల ఉమ్మడి మధ్యగతం కాదు. ఐదేళ్ల మధ్యగతాల సగటు, ఐదేళ్లలో జవాబిచ్చిన ఇళ్లన్నింటినీ కలిపి తీసిన మధ్యగతం ఒకటి కావు. ఉమ్మడి మధ్యగతం కావాలంటే ఏ ఆదాయ శ్రేణిలో ఎన్ని ఇళ్లున్నాయో తెలిపే పట్టికకు వెళ్లి, అక్కడి నుంచి మళ్లీ కట్టుకురావాలి. ఈ మొదటి మెట్టులోనే జారిన నివేదికలు నేను చదివినవాటిలో తక్కువేమీ లేవు.

2000 వరకు పని కాస్త తేలికగానే ఉండేది. జనగణనలో దాదాపు ప్రతి ఆరిళ్లలో ఒక ఇంటికి పొడవాటి ప్రశ్నావళి వెళ్లేది. అందులో అంతకు ముందు క్యాలెండర్ ఏడాది ఆదాయం అడిగేవారు. పదేళ్లకు ఒక్కసారే అయినా, అది ఒకే ఏడాదికి సంబంధించిన అంకె, చిన్న చోట్లకు కూడా నమ్మదగినది. 2010 జనగణన నుంచి ఆ ప్రశ్నావళి లేదు. దాని బదులు, ఏడాది పొడవునా నెలనెలా నడిచే అమెరికన్ కమ్యూనిటీ సర్వే 2005లో పూర్తి స్థాయిలో మొదలైంది. ఇప్పుడు ఏటా సుమారు 35 లక్షల చిరునామాలు ఆ నమూనాలోకి వస్తాయి. ఇంత పెద్ద సంఖ్య కూడా దేశమంతటికీ పంచేసరికి చిన్న కౌంటీకి ఒక ఏడాదిలో దక్కేది బహు స్వల్పం. అందువల్ల జనాభా 65 వేలు దాటిన చోట్లకే సెన్సస్ బ్యూరో ఒక్క ఏడాది అంచనా ప్రకటిస్తుంది. 20 వేలు దాటినవాటికి కొంతకాలం మూడేళ్ల అంచనా ఇచ్చి, 2011–13 తరువాత దాన్ని ఆపేసింది. మిగిలిన అన్నింటికీ ఐదేళ్ల జవాబులు పోగుచేసి కట్టిన అంచనాయే గతి. మెకంజీ కౌంటీకి ఆ సర్వే నుంచి నేరుగా దొరికేది అదొక్కటే.

ఐదేళ్ల అంచనా అన్నప్పుడు ఏ కాలాన్ని కొలుస్తున్నామో ఒకసారి నిదానంగా చూడాలి. సర్వే అడిగేది గడచిన పన్నెండు నెలల ఆదాయం. 2010 జనవరిలో జవాబిచ్చిన ఇల్లు 2009 నాటి రాబడి చెబుతుంది. 2014 డిసెంబరులో జవాబిచ్చిన ఇల్లు ఆ నవంబరు వరకు వచ్చినది చెబుతుంది. అంటే 2010–14 అంచనా 71 నెలల కాలాన్ని ఒక్క అంకెలోకి కుదిస్తుంది. ఆ 71 నెలల్లో మెకంజీ ఉన్న రాష్ట్రంలో ఏం జరిగింది? 2012లో నార్త్ డకోటా చమురు ఉత్పత్తిలో టెక్సస్ తరువాతి స్థానానికి ఎగబాకింది. 2014లో రోజుకు పది లక్షల పీపాలు దాటింది. ఆ ఏడాది నడిమికి పీపా ధర వంద డాలర్ల పైన ఉండి, ఏడాది చివరకు కూలిపోవడం మొదలుపెట్టింది. ఊళ్లో కొత్తవారు లేని తొలి రోజుల జవాబులూ, పడుకోవడానికి గది దొరకని రోజుల జవాబులూ అన్నీ ఆ ఒక్క అంకెలోనే ఉన్నాయి. ఆదాయాలను 2014 డాలర్లలోకి సర్దుతారు గనుక ధరల తేడా కొంత సరిపోతుంది గాని, అంత భిన్నమైన సంవత్సరాలు కలిసిపోవడం మాత్రం తప్పదు.

ఆ అంకెను తరువాతి ఏడాది వచ్చే 2011–15 అంకెతో పోల్చి, ఏడాదిలో ఇంత పెరిగిందనడం మరీ పెద్ద పొరపాటు. రెండింటిలో నాలుగేళ్ల జవాబులు ఉమ్మడివి. తేడా వచ్చిందంటే 2010లో జవాబిచ్చిన ఇళ్లు పోయి 2015లో జవాబిచ్చిన ఇళ్లు చేరాయన్నదే దాని అర్థం. 2016 మొదట్లో పీపా ధర 30 డాలర్ల కిందకు పడిపోయినప్పుడు కూడా ఈ గీత ఒక్కసారిగా పడదు. పాత మంచి సంవత్సరాలు దాన్ని పైకి పట్టి ఉంచుతాయి. ఒకదానిపై ఒకటి పడే ఐదేళ్ల కాలాలను పోల్చవద్దని సెన్సస్ బ్యూరో మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ హెచ్చరిక పట్టిక అడుగున ఉండిపోతుంది, రేఖాచిత్రంలోకి రాదు.

కాలాలు ఒకదానిపై ఒకటి పడకపోయినా, నమూనా చిన్నది కావడం వల్ల వచ్చే అనిశ్చితి మిగిలే ఉంటుంది. సర్వే ప్రతి అంకె పక్కనా 90 శాతం విశ్వాసంతో ఒక దోషపరిధి, అంటే అసలు విలువ అటూ ఇటూ ఎంత దూరంలో ఉండవచ్చునో తెలిపే అంకె, ఇస్తుంది. ఒక కల్పిత ఉదాహరణ చూడండి. ఒక కౌంటీకి మొదటి ఐదేళ్లలో 52,000 డాలర్లు, దోషపరిధి 6,000. తరువాతి ఐదేళ్లలో 57,000 డాలర్లు, దోషపరిధి 7,000 అనుకుందాం. పెరుగుదల 5,000. ఆ పెరుగుదలకు దోషపరిధి కట్టాలంటే రెండు పరిధుల వర్గాలను కూడి వర్గమూలం తీయాలి. అది దాదాపు 9,200 వస్తుంది. అంటే నిజమైన మార్పు 14,000 పెరుగుదల నుంచి 4,000 తరుగుదల దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఆ కౌంటీలో ఆదాయం దాదాపు పది శాతం పెరిగిందని శీర్షిక పెట్టడానికి ఈ లెక్క ఒప్పుకోదు. అలాగని పెరగలేదని కూడా చెప్పలేం. కొలత ఇంతవరకే చూడగలదు.

ఇక్కడే రెండో మార్గం ముందుకు వస్తుంది. సెన్సస్ బ్యూరోలోనే స్మాల్ ఏరియా ఇన్‌కమ్ అండ్ పావర్టీ ఎస్టిమేట్స్ అనే కార్యక్రమం ఉంది. పేద పిల్లలున్న బడులకు కేంద్ర నిధులు పంచడానికి నమ్మదగిన కౌంటీ అంకెలు కావలసివచ్చి 1990లలో అది రూపుదిద్దుకుంది. ప్రతి కౌంటీకీ ఏడాదికొక మధ్యగత ఆదాయం ఇచ్చేది ఇదే. మనం చూసే ఏటేటా గీతకు మూలం ఎక్కువగా ఇదే. సర్వేలో దొరికిన అంకె ఒక్కదాన్నే నమ్మకుండా, పన్ను రిటర్నులు, ప్రభుత్వ చెల్లింపుల వాటా, పూర్వపు అంచనాల వంటివాటి ఆధారంగా ఆ కౌంటీకి ఎంత ఆదాయం ఉండవచ్చునో ఒక గణిత నమూనా ద్వారా ఊహించి, ఆ రెండింటినీ తూకం వేసి కలుపుతారు. సర్వే అంకె గట్టిదైతే తూకం అటు, బలహీనమైతే ఇటు.

ఈ పద్ధతి పునాది 1979లో ఫే, హెరియట్ అనే ఇద్దరు సెన్సస్ బ్యూరో గణాంకవేత్తలు రాసిన వ్యాసం. వెయ్యి మంది కూడా లేని ఊళ్లకు తలసరి ఆదాయం అంచనా కట్టడం వారి సమస్య. ఆ అంకెల మీద కేంద్రం ఊళ్లకు పంచే నిధులు ఆధారపడి ఉండేవి. ఆ తరువాతి దశాబ్దాల్లో చిన్న ప్రాంతాల అంచనా ఒక శాస్త్రశాఖగా ఎదగడంలో అందరికన్నా ముందు చెప్పుకోవలసిన పేర్లలో ఏలూరులో పుట్టి కెనడాలో స్థిరపడిన జె.ఎన్.కె. రావు ఒకరు. ప్రసాద్ అనే మరో గణాంకవేత్తతో కలిసి ఆయన 1990లో ప్రచురించిన పని ఈ విషయంలో నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది. రెండు అంచనాలను కలిపినప్పుడు వచ్చిన అంకె ఎంత తప్పి ఉండవచ్చునో నిజాయితీగా ఎలా లెక్కించాలో అది చూపింది. గణిత నమూనా తూకాన్ని కూడా మనం అంచనానే కట్టాం కదా, ఆ అంచనాలోని పొరపాటు కూడా లెక్కలోకి రావాలి అన్నది దాని సారం. దాన్ని వదిలేస్తే దోషపరిధి ఉన్నదానికన్నా చిన్నదిగా కనిపించి మనల్ని ధీమాగా తప్పుదారి పట్టిస్తుంది.

మళ్లీ కల్పిత అంకెలతోనే తూకం చూద్దాం. సర్వే 52,000 డాలర్లు అంటోంది, దాని ప్రామాణిక దోషం (దోషపరిధి కట్టడానికి వాడే మూల అనిశ్చితి కొలత) 3,600. గణిత నమూనా 47,000 అంటోంది, దాని దోషం 2,400. అప్పుడు సర్వేకు దక్కే తూకం సుమారు 31 శాతం. కలిపితే వచ్చేది దాదాపు 48,500. ఏదో ఒక ఏడాదికి కౌంటీలను వరుసలో పెట్టడానికి, నిధులు పంచడానికి ఇంతకన్నా మంచి పద్ధతి నాకు తెలియదు. కాని దీనికి ఒక స్వభావం ఉంది. తన వంటి లక్షణాలున్న ఇతర కౌంటీలు ఎలా ఉన్నాయో అలాగే ఈ కౌంటీ కూడా ఉంటుందన్న నమ్మకం వైపు అంకెను లాగుతుంది. మామూలు కౌంటీకి అది మేలు. మెకంజీ వంటి చోటు ఆ పదేళ్లలో ఏ విధంగానూ మామూలు కౌంటీ కాదు. పన్ను రిటర్నులు చమురు జీతాలను కొంతవరకు పట్టుకుంటాయి, నిజమే. అయితే రిటర్ను దాఖలైన చిరునామా ఎక్కడిదో అక్కడికే ఆ ఆదాయం చెందుతుంది. పెళ్లాం పిల్లలను టెక్సస్‌లోనో ఐడహోలోనో ఉంచి రెండు వారాలు పని, రెండు వారాలు ఇల్లు అన్నట్టు తిరిగే కార్మికుడి జీతం మెకంజీ నేల మీద పుట్టి, కాగితం మీద మరో రాష్ట్రంలో తేలుతుంది.

ఈ వార్షిక అంచనాల శ్రేణిని కాలక్రమంలో చదివేవారు మరో రెండు సంగతులు గమనించాలి. 2005కు ముందు ఇందులో వాడిన సర్వే వేరు, తరువాత వాడుతున్నది వేరు. ఆ అతుకు దగ్గర కనిపించే మార్పు ఆదాయంలో వచ్చినదో కొలతలో వచ్చినదో విడదీయలేం. పైగా ఈ అంకెలు ఆయా సంవత్సరాల డాలర్లలోనే ఉంటాయి, సర్వే ఐదేళ్ల అంకెలు చివరి ఏడాది డాలర్లలో ఉంటాయి. రెండింటినీ ఒకే చిత్రంలో గీసేవారు ఈ తేడాను సరిచేశారో లేదో ముందు చూసుకోవాలి. సరిచేసినా, దేశవ్యాప్త ధరల సూచీతో సరిచేస్తారు. చమురు పరుగు మంచి ఊపు మీద ఉన్నప్పుడు మెకంజీ కౌంటీ కేంద్రమైన వాట్‌ఫర్డ్ సిటీలో ఇంటి అద్దెలు ఎగసిన తీరు ఆ సూచీకి తెలియదు.

ఇప్పటిదాకా చెప్పినదంతా కొలతలోని పొరపాటు గురించి. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అది కాదు. పొరపాటు సున్నా అయినా, దేవుడే వచ్చి ప్రతి ఇంటి రాబడినీ సెంటుతో సహా చెప్పినా, మధ్యగతం పెరిగిందన్న మాటకు మనం చెప్పుకునే అర్థం ఉండదు. ఐదు ఇళ్ల ఊరు ఒకటి ఊహించండి. రాబడులు 20, 28, 35, 50, 70 వేల డాలర్లు. మధ్యగతం 35 వేలు. 90 వేలు, 95 వేలు సంపాదించే రెండు కొత్త కాపురాలు వచ్చాయి. ఇప్పుడు మధ్యగతం 50 వేలు. పాత ఐదు ఇళ్లలో ఏ ఒక్కదానికీ ఒక్క డాలరు అదనంగా రాలేదు. అద్దె కట్టలేక 20 వేల ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోతే మధ్యగతం 60 వేలకు చేరుతుంది. పోయినవారి నష్టం ఊరి ప్రగతిగా నమోదవుతుంది.

పదేళ్లలో జనాభా రెట్టింపు దాటిన కౌంటీలో ఇది ఊహాగానం కాదు. ఎవరు ఇంటివారుగా లెక్కకు వస్తారన్న నియమాలు కూడా దీనికి తోడవుతాయి. కంపెనీలు కార్మికుల కోసం వేసిన తాత్కాలిక శిబిరాలు కుటుంబాల లెక్కలోకి రావు. వాటిని సామూహిక నివాసాలుగా విడిగా లెక్కిస్తారు గనుక అందులో ఉండే మనిషి జీతం కుటుంబ మధ్యగతాన్ని తాకదు. రెండు నెలలకు మించి ఉండనివారిని సర్వే సాధారణంగా ఆ చిరునామా నివాసిగా తీసుకోదు. అదే కార్మికుడు శిబిరం వదిలి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్న మరుక్షణం అతని జీతమంతా లెక్కలోకి వస్తుంది. ఇళ్ల కొరత వల్ల నలుగురు కార్మికులు ఒకే ఇంట్లో సర్దుకుంటే ఆ నలుగురి జీతాలూ కలిసి ఒకే కుటుంబ ఆదాయం అవుతుంది. అంటే ఇరుకు పెరిగినకొద్దీ అంకె పెరుగుతుంది. కొత్త ఇళ్లు కట్టి ఆ నలుగురూ వేర్వేరుగా కాపురం పెడితే, ఎవరి జీతమూ తగ్గకుండానే, మధ్యగతం పడిపోవచ్చు. అప్పుడు పత్రికలు ఆదాయం క్షీణించిందని రాస్తాయి.

రాయల్టీల సంగతీ ఇంతే మెలికతో కూడుకున్నది. నార్త్ డకోటాలో భూమి ఒకరిది, దాని అడుగున ఉన్న ఖనిజ హక్కు మరొకరిది కావడం మామూలు. తాత అమ్మేసిన హక్కు తాలూకు డబ్బు ఎక్కడో మరో రాష్ట్రంలో ఉన్న వారసుడికి పోతుంది. పొలం మీదుగా లారీలు తిరిగే రైతుకు దుమ్ము మిగులుతుంది. కౌంటీలో కొంత భాగం మాండన్, హిడాట్సా, అరికారా తెగల ఫోర్ట్ బెర్తోల్డ్ రిజర్వేషన్‌లోకి వస్తుంది. అక్కడా హక్కులున్న కుటుంబాలు, లేని కుటుంబాలు పక్కపక్కనే ఉన్నాయి. ఇంత చీలిక ఉన్న చోట నడిమి ఇంటి అంకె రెండు గుంపుల్లో దేని గురించీ చెప్పదు.

చమురును పక్కన పెట్టినా పల్లె ఆదాయానికి ఏడాది అన్న కొలతే సరిగా అతకదు. రైతు ఈ శరదృతువులో నూర్చిన గోధుమను గాదెలో ఉంచి, ధరను బట్టి, పన్ను లెక్కను బట్టి, వచ్చే ఏడాది అమ్ముతాడు. యంత్రాల తరుగుదల రాసుకుంటే కాగితం మీద నష్టం కనిపిస్తుంది. ఆ ఇల్లు పేదది కాకపోవచ్చు. 2017లో ఉత్తర మైదానాలను ఎండగట్టిన కరవు ఏ ఏడాది ఆదాయంలో ఎంత కనిపించిందన్నది పంట బీమా సొమ్ము ఎప్పుడు చేతికొచ్చింది, మందలో ఎన్ని పశువులను తెగనమ్మారు అన్నవాటి మీద ఆధారపడుతుంది. మేత లేక పశువులను అమ్ముకున్న ఏడాది రాబడి పెరిగినట్టు కూడా నమోదు కావచ్చు.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు, అది న్యాయమైనదే. చట్టానికి ఒక అంకె కావాలి. అమెరికా వ్యవసాయ శాఖ చిన్న ఊళ్ల మంచినీటి, మురుగునీటి పథకాలకు ఇచ్చే సాయంలో నియమం స్పష్టంగా ఉంది. పథకం అందే ప్రాంతపు మధ్యగత కుటుంబ ఆదాయం పేదరిక రేఖకు లోబడి గాని, ఆ రాష్ట్రంలోని నగరేతర ప్రాంతాల మధ్యగతంలో 80 శాతానికి లోబడి గాని ఉంటే ఖర్చులో 75 శాతం దాకా గ్రాంటు రావచ్చు. 80 దాటి 100 శాతానికి లోపు ఉంటే 45 శాతం దాకా. గుమస్తా ముందు దోషపరిధులు పరిస్తే పైపులు పడవు, ఏదో ఒక గీత గీయాల్సిందే అంటారు. ఒప్పుకుంటాను. అయితే ఆ నియమంలోనే ఇంకో వాక్యం ఉంది: అధికారిక అంకె ఆ ప్రాంతపు వాస్తవానికి అద్దం పట్టడం లేదని నమ్మడానికి కారణాలుంటే, వాటిని నమోదు చేసి వేరే ఆదాయ సమాచారం సమర్పించవచ్చు. చట్టం తనంత తానే ఇచ్చిన ఈ సందును వాడుకోవాలంటే, అంకెకు ఎంత అనిశ్చితి ఉందో, ఎవరి వల్ల అది పెరిగిందో ఎవరైనా ముందే రాసిపెట్టి ఉండాలి. 79 శాతం, 81 శాతం నిజంగా వేర్వేరా అన్నది తేల్చేది ఆ రాతే. ఒక్క గీతతో సరిపెట్టుకున్న కౌంటీకి ఆ వాదన చేసే అవకాశమే ఉండదు.

కాబట్టి మెకంజీ వంటి కౌంటీకి నన్ను అంచనా కట్టమంటే 2000 జనగణన అంకెను మొదటి బిందువుగా తీసుకుంటాను. తరువాత 2005–09, 2010–14, 2015–19, ఆపైన 2020–24 అనే ఒకదానిపై ఒకటి పడని కాలాలను, అన్నింటినీ ఒకే ఏడాది డాలర్లలోకి మార్చి, దోషపరిధులతో సహా, చుక్కల మధ్య గీత కలపకుండా గీస్తాను. గణిత నమూనా ఆధారిత వార్షిక అంచనాను పక్క కౌంటీలతో ఒకే ఏడాదిలో పోల్చడానికి మాత్రమే వాడతాను. ఆదాయ శ్రేణుల పట్టికలో కింది అంచు ఇళ్ల సంఖ్య ఏమైందో, ఒక్కో ఇంట్లో సగటున ఎందరున్నారో, అద్దె ఆదాయంలో ఎంత వాటా తింటోందో ఆ బిందువుల కిందే చూపిస్తాను.

అన్నింటికన్నా ముఖ్యంగా, పన్ను శాఖ ఏటా విడుదల చేసే వలస పట్టికలను తెరుస్తాను. రెండు వరుస సంవత్సరాల రిటర్నుల చిరునామాలను జతపరచి, కౌంటీలోకి వచ్చినవారెన్ని రిటర్నులు, వెళ్లినవారెన్ని, కదలకుండా ఉన్నవారెన్ని, ఒక్కో గుంపు మొత్తం ఆదాయమెంత అని ఆ పట్టికలు విడివిడిగా చెబుతాయి. వాటి నుంచి వచ్చేది మధ్యగతం కాదు, సగటే. రిటర్ను దాఖలు చేయని పేదలు, వృద్ధులు చాలామంది వాటిలో కనిపించరు. 2011–12 నుంచి పద్ధతి మారింది గనుక ఆ అతుకు దగ్గర మళ్లీ జాగ్రత్త కావాలి. అయినా, ఉన్నచోటే ఉన్నవారి సగటు ఆదాయాన్ని, వచ్చిచేరినవారి సగటు ఆదాయాన్ని పక్కపక్కన పెట్టి చూపగలిగేది నాకు తెలిసినంతలో ఈ పట్టికలే. మధ్యగతం ఎగసిన సంవత్సరాల్లో మొదటి వరుస దాదాపు కదలక రెండో వరుసే పైన ఉంటే, ఆ కౌంటీ నివేదికలో ఆదాయ వృద్ధి అనే శీర్షిక కింద ఆ అంకెను వేయడానికి నేను ఒప్పుకోను. దాన్ని జనాభా మార్పుల అధ్యాయంలోకి పంపుతాను.